గొళ్ళెం మీద విచారణ

మా ఉప్పలవాడ కళాపరిషత్తులో నిబంధన 14(బి) ఎలా పుట్టిందో ముందు చెప్పాలి. దాన్ని రాసింది నేనే కాబట్టి కాస్త గర్వంగానే చెబుతాను.

కిందటేడు మా పోటీల్లో ఒక నాటిక ఆడారు. అందులో ఒక ముసలాయన చనిపోతాడు. కొడుకు మందు ఇవ్వలేదా, కోడలు ఇవ్వనివ్వలేదా, లేక ఆయనే తాగనన్నాడా అన్నది చెప్పకుండా తెర వేసేశారు. జనం పల్లీలు నములుకుంటూ ఇళ్ళకు పోయారు. మా అధ్యక్షుడు తాతారావుగారికి మాత్రం మూడు రోజులు నిద్ర పట్టలేదు. ఆయనకు కోల్డ్ స్టోరేజీ ఉంది. ఏ రైతు మిరపకాయల బస్తాలు ఏ గదిలో ఏ వరసలో ఉన్నాయో చీటీ చూడకుండా చెప్పగలడు. అలాంటి మనిషికి ఒక చావును ఏ వరసలో పెట్టాలో తెలియకపోతే నిద్ర ఎలా పడుతుంది?

నాలుగో రోజు సర్వసభ్య సమావేశం పెట్టించాడు.

"తప్పెవరిదో తేల్చకుండా తెరేస్తే ఎట్టాగండీ? ఇంటికి తీసుకెళ్ళి నేను తేల్చుకోవాలా? నాకింకేం పని లేదా?" అన్నాడు.

సభ్యులందరూ నిజమేనన్నారు. నన్ను రాయమన్నారు. నేను రెవెన్యూ శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి డిప్యూటీ తహసీల్దారుగా దిగిపోయినవాణ్ణి. పరిషత్తుకు కార్యదర్శిని. అక్కడికక్కడే రాసిచ్చాను:

"కుటుంబమునందు జరిగిన ఏదేని తప్పిదమును ప్రదర్శించు ప్రతి నాటికలోను, తెర పడుటకు పూర్వము, సదరు తప్పిదమునకు బాధ్యులగు పాత్రను విచారణపూర్వకముగా నిర్ధారించి రంగస్థలముపైననే ప్రకటించవలెను."

విచారణ అన్నాక విచారించేవాళ్ళు కావాలి. నైతిక నిర్ణాయక సంఘం వేశాం. అధ్యక్షుడు రిటైర్డ్ ప్రిన్సిపాల్ దక్షిణామూర్తిగారు, సభ్యురాలు కుటుంబ సలహాల నిపుణురాలు ఇందుమతిగారు. వాళ్ళకు స్టేజీ మీదే ఎడమ పక్కన ఒక బల్ల, రెండు కుర్చీలు, మంచినీళ్ళ సీసా, ఒక గంట. పక్కన చిన్న బల్ల నాకు. నేను విచారణ రిజిస్టరు రాయాలి. పౌరాణిక నాటకాలకు మినహాయింపు ఇచ్చాం. వాటిలో మొదలుపెడితే ఒక్క రోజులో తెమలదని దక్షిణామూర్తిగారే అన్నారు.

ఈ ఏడు మొదటిరోజు రెండు నాటికలు నిర్విఘ్నంగా తేలాయి. ఒకదానిలో అత్తగారిది తప్పు. రెండోదానిలో కూడా అత్తగారి వేషం కట్టిన ఆవిడే ఉండటంతో, అనుభవం ఉంది కదా అని, ఆవిడదే అన్నారు. తాతారావుగారు ఆ రాత్రి హాయిగా పడుకున్నానని మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి మరీ చెప్పాడు.

ఆ ఉదయమే హైమవతి వచ్చింది.

ఆమె పక్క జిల్లాలో పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఉద్యోగం చేస్తుంది. ముప్పై దాటి ఉంటాయి. తనే రాసి, తనే పెద్దకూతురి వేషం కట్టే నాటిక పేరు 'గొళ్ళెం'. మా పరిషత్తుకు వచ్చే ఆడపిల్లలంతా నన్ను బాబాయిగారూ అని పిలుస్తారు. ఆమె మాత్రం సార్ అంది. పద్ధతి తెలిసిన మనిషి అనుకున్నాను.

"సార్, మూడో వరసలో ఒక కుర్చీ కావాలి. మా అమ్మ వస్తోంది. నాటకం అయ్యేదాకా ఆవిణ్ణి ఎవరూ పలకరించకుండా చూస్తారా?"

"ఏమ్మా, ఆరోగ్యం బాగాలేదా?"

"బానే ఉంది. నేను ఆవిణ్ణి ఒక మాట అడగాలి. పన్నెండేళ్ళ నుంచీ ఇంట్లో అడుగుతున్నాను. అడిగినప్పుడల్లా లేచి అన్నం వడ్డిస్తుంది. ఇక్కడైతే వడ్డించడానికి ఏమీ ఉండదు."

నేను రాతప్రతి తీసుకుని చదివాను. కథ చిన్నదే. ఒక ఇల్లు. అమ్మ, నాన్న, ఇద్దరు కూతుళ్ళు. ఒకరోజు చిన్నకూతురు బాబాయి గురించి ఒక మాట చెబుతుంది. ఆ మాట బయటికి పోకుండా ఆ పిల్లను వెనక గదిలో పెట్టి బయట గొళ్ళెం వేస్తారు. పదకొండో రోజున గొళ్ళెం తీస్తే పిల్ల ఉండదు, శవం ఉంటుంది. పన్నెండేళ్ళ తరవాత అందరూ అన్నం తింటుండగా పెద్దకూతురు అడుగుతుంది: 'గొళ్ళెం ఎవరు పెట్టారు?' ఎవరూ జవాబు చెప్పరు. అంతే, తెర.

మధ్యలో పంచనామా కాగితం చదివే రంగం ఒకటి ఉంది. 'మృతురాలు తీవ్రమైన కడుపునొప్పి తాళలేక' అని ఉంటుంది అందులో. ఆ వాక్యం చాలా సహజంగా ఉందని ఆమెను మెచ్చుకున్నాను. సర్వీసులో ఆ వాక్యాన్ని నేను పద్నాలుగుసార్లు రాశాను. ఉరైనా, నుయ్యైనా, పురుగులమందైనా, ఇంటివాళ్ళు కడుపునొప్పి అన్నారంటే ఇంకెవరికీ నొప్పి ఉండదు, ఫైలు మూసెయ్యొచ్చు. వాళ్ళది ఏ మండలమో అడిగాను. నేను పనిచేసిన మండలం కాదు. ఎంత ఊరట కలిగిందో చెప్పలేను.

"ఇది కల్పితమేనా?" అని అడిగాను.

మాకు ఒక నమూనా పత్రం ఉంది. 'ఇందలి కుటుంబము కల్పితమనియు, ఈ కుటుంబము ఎచ్చటను లేదనియు హామీ ఇచ్చుచున్నాను' అని. అది ఆమె ముందు పెట్టాను. పెన్ను పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది పెట్టకపోతే ఆడనివ్వరా?"

"నిబంధన అమ్మా."

సంతకం పెట్టింది. అప్పుడు 14(బి) సంగతి చెప్పాను. ఆమె పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"సార్, ప్రశ్న అడిగాక మేం రెండు నిమిషాలు ఏం మాట్లాడం. కదలం. ఆ రెండు నిమిషాల కోసమే ఈ నాటకం రాసుకున్నాను. జవాబు మీరు చెప్పేస్తే ఇంక మా అమ్మెందుకు చెబుతుంది?"

నాకు జాలి వేసింది. జాలిపడ్డట్టు రాసుకోవడానికి రిజిస్టరులో గడి లేదు. సంఘం ముందు మనవి చేసుకోమన్నాను.

మధ్యాహ్నం రెండింటికి గ్రీన్‌రూములో విచారణ మొదలైంది. అంతకుముందే పాత్రలన్నిటికీ సంజాయిషీ నోటీసులు ఇచ్చి ఉన్నాను. తండ్రి పాత్ర వేసే ఏసుపాదం కరెంటు ఆఫీసులో లైన్‌మన్. తన జవాబు తెల్లకాగితం మీద రాసుకొచ్చాడు.

"సంఘటన జరిగిన రోజు నేను ఊళ్ళో లేనండి. అప్పుల పని మీద పక్కూరు... కాదు కాదు, పెళ్ళి చూపుల పని మీద పక్కూరు వెళ్ళానండి. రెండో రంగంలో నేనే చెబుతాను. కావాలంటే రాతప్రతి చూసుకోండి."

దక్షిణామూర్తిగారు చూశారు. నిజంగానే ఉంది. "పాత్ర గ్రామాంతరమున ఉన్నట్లు లిఖితపూర్వక ఆధారము కలదు. బాధ్యత నుండి విముక్తి," అన్నారు. ఏసుపాదం దణ్ణం పెట్టి వెళ్ళి బీడీ వెలిగించుకున్నాడు. ఆ పెళ్ళిచూపులు ఎవరికని ఎవరూ అడగలేదు.

తల్లి పాత్ర వేసే నటి పరిషత్తులన్నీ తిరిగిన మనిషి. "నాకు మూడే డైలాగులండీ. మూడూ 'కూర వెయ్యనా?' అనే," అంది. గొళ్ళెం మీద చెయ్యి వేసినట్టు ఉందే అని ఇందుమతిగారు అడిగారు. "వెయ్యమని రాశారు, వేస్తాను. పెట్టమని రాయలేదు," అంది. అది కూడా రాతప్రతిలో అలాగే ఉంది.

"ఇక బాబాయి పాత్ర," అన్నారు దక్షిణామూర్తిగారు.

"ఆ పాత్ర రాదండీ. వాడి గురించి అనుకోవడమే, స్టేజీ మీదకి రాడు," అంది హైమవతి.

"రాకపోతే నోటీసు ఎచ్చట అందజేయవలెను?"

"అదేనండీ నా బాధ కూడా. వాడికి ఎప్పుడూ ఏదీ అందలేదు."

సంఘం పావుగంట తర్జనభర్జన పడింది. రంగస్థలంపై ప్రవేశించని పాత్ర రంగస్థలంపై విచారించే సంఘం పరిధిలోకి రాదని నిర్ణయించారు. న్యాయంగానే కనబడింది నాకు. రాసుకున్నాను.

తరవాత స్థలపరిశీలన. సెట్టులో వాడే తలుపు గోడకు ఆనించి ఉంది. గొళ్ళెం బయటివైపు ఉంది. ఇందుమతిగారు దాన్ని రెండుసార్లు వేసి తీసి చూశారు.

"గొళ్ళెం బయట ఉండటాన్ని మనం నెగెటివ్‌గా తీసుకోకూడదండీ. లోపలివాళ్ళ భద్రత కోసం బయటివాళ్ళు తీసుకునే శ్రద్ధగా కూడా చూడొచ్చు. కుటుంబాల్లో ప్రేమ ఒక్కోసారి అలా వ్యక్తమవుతుంటుంది," అన్నారు.

దక్షిణామూర్తిగారు తలుపు తీసి వెనక్కి చూశారు. వెనక గోడ, గోడకు ఫ్యూజు పెట్టె ఉన్నాయి.

"తలుపు వెనుక గది లేదు. గదియే లేనప్పుడు నిర్బంధము ఎట్లు సాధ్యము? రాసుకోండి ఫణీంద్రంగారూ."

రాసుకున్నాను.

"చిన్నకూతురి ఫిర్యాదు ఉన్నదా?"

"చచ్చిపోయిందండీ," అంది హైమవతి.

"చనిపోవుటకు పూర్వము?"

"ఇంట్లో చెప్పింది."

"ఇంట్లో చెప్పిన మాటను ఫిర్యాదుగా పరిగణించలేము. మరి బాధ్యులైన పాత్ర ఒకటి ఉండి తీరవలెను కదా. లేనిచో 14(బి)కి భంగము." దక్షిణామూర్తిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మిగిలినది పెద్దకూతురు."

నేను తల ఎత్తాను. ఇందుమతిగారు అప్పటికే వేళ్ళు మడుస్తున్నారు. పన్నెండేళ్ళు ఆలస్యంగా అడగడం ఒకటి. పెద్దవాళ్ళు అన్నం ముందు కూర్చున్నప్పుడు అడగడం రెండు. మానుతున్న గాయాన్ని కెలికి కుటుంబ సామరస్యాన్ని చెడగొట్టడం మూడు. ఈ మూడూ స్టేజీ మీదే, అందరి కళ్ళముందే జరుగుతున్నాయి. గదితోనూ బాబాయితోనూ వచ్చినట్టు ఆధారాల ఇబ్బంది లేదు.

"ఆమె తల్లి పాత్రకు చేతులు జోడించి క్షమాపణ చెప్పవలెను. అప్పుడు తెర. కుటుంబమును ఒకటి చేసి ప్రేక్షకులను ఇంటికి పంపుదుము," అన్నారు దక్షిణామూర్తిగారు. గుమ్మంలో నిలబడి వింటున్న తాతారావుగారు "అద్దీ!" అన్నాడు.

హైమవతి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆడటం మానుకుంటుందనీ అనుకున్నాను. అదీ చెయ్యలేదు.

"అలాగే. చెప్పమన్నట్టే చెబుతాను. నా ప్రశ్న తరవాత ఆ రెండు నిమిషాలు మాత్రం నాకిచ్చెయ్యండి. మా అమ్మ ఇంకోసారి గడప దాటి రాదు."

సంఘం ఒక్క నిమిషం మంజూరు చేసింది.

సాయంత్రం ఆరున్నరకు తెర లేచింది. హాలు నిండింది. మూడో వరసలో హైమవతి తల్లి రత్తమ్మగారు కూర్చుంది. ముదురాకుపచ్చ నేత చీర, ఒళ్ళో గుడ్డసంచి. నేనే స్వయంగా వెళ్ళి ఎవరూ పలకరించకుండా అటూ ఇటూ రెండు కుర్చీలు ఖాళీ పెట్టించాను. నా వంతు మేలు నేను చేశానని తృప్తిపడి వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాను.

నాటకం గురించి పెద్దగా చెప్పలేను, రాసుకునే పనిలో ఉన్నాను. పంచనామా రంగం వచ్చినప్పుడు మాత్రం కలం ఆగింది. 'తీవ్రమైన కడుపునొప్పి తాళలేక' అని చదువుతుంటే హాల్లో ఒక్కరూ దగ్గలేదు. కాగితం మీద రాసినప్పుడు ఆ వాక్యం నాకెప్పుడూ అలా వినబడలేదు. పద్నాలుగింటిలో నాలుగు పేర్లే గుర్తొచ్చాయి. మిగతావి గుర్తు చేసుకోవాలని చూశాను, రాలేదు. సిగ్గు వేసింది.

చివరి రంగం. అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. హైమవతి అన్నంలో చెయ్యి పెట్టలేదు. ముందుకు, అంటే మూడో వరస వైపు చూసి అడిగింది.

"గొళ్ళెం ఎవరు పెట్టారు?"

ఎవరూ కదలలేదు. నేను గడియారం చూస్తున్నాను. పది సెకన్లు. ఇరవై. రత్తమ్మగారు ఒళ్ళో సంచి సర్దుకుంది. సంచిలోంచి ఏదో తియ్యబోయి, తియ్యకుండా ఊరుకుంది. ముప్పై. ముప్పై ఐదు. పక్కన దక్షిణామూర్తిగారి కుర్చీ కిర్రుమంది. నలభై సెకన్ల దగ్గర ఆయన గంట కొట్టేశారు. ఎవరో డైలాగు మర్చిపోయారనుకున్నానని తరవాత అన్నారు. నిజానికి ఆ నిశ్శబ్దంలో ఇంకొక ఇరవై సెకన్లు కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. నా వల్లా కాలేదు. గంట మోగినందుకు నేను లోపల సంతోషించాను.

ఆయన లేచి తీర్పు చదివారు. తండ్రి పాత్ర గ్రామాంతరమున, తల్లి పాత్ర కూర వడ్డనమున, గది లేకుండుట, బాబాయి పరిధి బయట ఉండుట, అన్నీ వరసగా చదివి, "కావున పెద్దకూతురే దోషి. ఆమె తల్లి పాత్రకు క్షమాపణ చెప్పవలసినదిగా ఆదేశించడమైనది," అని ముగించారు. ముందు వరసలో తాతారావుగారు చప్పట్లు కొట్టాడు.

హైమవతి లేచింది. చేతులు జోడించింది. తల్లి పాత్ర వైపు తిరగాల్సింది, తిరగలేదు. హాలు వైపే నిలబడి, "అమ్మా, అడిగినందుకు తప్పయిపోయింది," అంది. ఆ గొంతు నటన కాదని మూడొందల మందికీ తెలిసిపోయింది.

"ఆ పిల్లెందుకు దణ్ణం పెట్టాలి?"

మూడో వరసలోంచి. రత్తమ్మగారు లేచి నిలబడింది.

"చేతులు దించవే హైమా. దించు ముందు." తరవాత మా బల్ల వైపు తిరిగింది. "గొళ్ళెం పెట్టింది నేనండీ."

దక్షిణామూర్తిగారు గంట కొట్టారు. "అమ్మా, మీరు కూర్చోండి. మీరు పాత్ర కాదు."

"కాదండీ. నేను వాళ్ళమ్మను."

ఆయన నావైపు చూశారు. నేను నమూనా పత్రం తీసి ఇచ్చాను. చేతులకు అలవాటైపోయిన పని. ఆయన అది ఎత్తి చూపించారు. "ఈ కుటుంబము ఎచ్చటను లేదని రచయిత్రి సంతకము చేసినది. లేని కుటుంబమునకు తల్లి ఎట్లుండును? మీ వాంగ్మూలము స్వీకరించుటకు వీలుపడదు."

"మీరు స్వీకరించేదేముందిలెండి. పెట్టింది నేను. పదకొండు రోజులు కిటికీలోంచి నీళ్ళిచ్చింది నేను. కడుపునొప్పని సంతకం పెట్టింది నేను. మా ఆయన ఊళ్ళోనే ఉన్నాడు, వసారాలో పేపరు చదువుకుంటున్నాడు. పెట్టమన్నది మా మరిది. పిల్ల నోరు మూయించమన్నదీ వాడే, ఆ పిల్ల చెప్పింది వాడి గురించే. ఇందాకటినుంచీ మీరు చదివింది వింటున్నా, అందరినీ అడిగారు, గోడనడిగారు, తలుపునడిగారు. వాడి పేరేంటని అడగరేం?"

అడగకుండానే చెప్పింది. ఇంటిపేరుతో సహా, స్పష్టంగా.

దక్షిణామూర్తిగారు గంట కొడుతూనే ఉన్నారు. గడువు అరవై నిమిషాలు దాటిందని తెర వేసేశారు. తెర వెనక హైమవతి కింద కూర్చుండిపోయింది. అప్పుడు ఏడ్చింది.

"ఏం రాశారు?" అని తాతారావుగారు నా దగ్గరికి వచ్చాడు. ఆయన ముఖంలో రక్తం లేదు. "ఆ పేరదీ రాయమాకండి. ఆడియెన్సులో గొడవ జరిగిందని రాయండి, సరిపోద్ది." దక్షిణామూర్తిగారు వాక్యం చెప్పారు. నేను రాశాను: 'సా. 7.34 ని.లకు ప్రేక్షకులలోని ఒక స్త్రీ వలన స్వల్ప అంతరాయము కలిగినది. నిబంధన 14(బి) జయప్రదముగా అమలు జరిగినది.' వచ్చే ఏడు నుంచి స్టేజీ మీద అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పబోమని ప్రేక్షకుల దగ్గర హామీపత్రం తీసుకోవాలని ఇందుమతిగారు సూచించారు. అదీ రాశాను.

కుర్చీలు మడుస్తుంటే తల్లీకూతుళ్ళు స్టేజీ మెట్ల దగ్గర కనబడ్డారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. హైమవతి ఆవిడ చెయ్యి పట్టుకుని లేదు, వదిలెయ్యనూ లేదు. కాసేపటికి రత్తమ్మగారు ఒక్కతే నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యగారూ, నేను చెప్పిన పేరు రాసుకున్నారా?"

"రాశానమ్మా," అన్నాను.

సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. "చూపించండి."

ముప్పై ఒక్క ఏళ్ళలో నేను రాసింది చూపించమని ఏ తల్లీ అడగలేదు. ఎక్కడ సంతకం పెట్టాలో చూపిస్తే పెట్టేసేవాళ్ళు. రిజిస్టరు ఆవిడ వైపు తిప్పాను. వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చదివింది. 'ఒక స్త్రీ వలన' అన్నచోట వేలు ఆగింది. చదవడం అయ్యాక నన్నేమీ అనలేదు. అక్కడే నిలబడింది. నలభై సెకన్లు దాటి ఉంటుంది. ఈసారి నా దగ్గర గంట లేదు.

నేను రెండు వాక్యాలూ కొట్టేసి కలం పట్టుకున్నాను. "చెప్పండమ్మా."

పేరు చెప్పింది. రాశాను.

"ఇంటిపేరు కూడా రాయండి. మా ఇంటిపేరే," అంది.

రాశాను. తను చెప్పిన మిగతా మాటలు కూడా చెప్పినట్టే రాశాను. కింద తన పేరు రాసి సంతకం పెట్టింది. ఆ పుట నకలు తీసి, పరిషత్తు ముద్ర వేసి, హైమవతికి ఇచ్చాను. అది పట్టుకుని ఆ తల్లీకూతుళ్ళు తిన్నగా వాళ్ళ ఊరి పోలీసుస్టేషనుకే వెళ్ళారని ఏసుపాదం ఫోన్ చేసి చెప్పాడు.

అది జరిగిన మూడో రోజు తాతారావుగారు అత్యవసర సమావేశం పెట్టాడు. మళ్ళీ నిద్ర పట్టడం లేదట. ఈసారి తప్పెవరిదో తేలినందుకు. రిజిస్టరులో ఆ పుటను రద్దు చెయ్యాలని తీర్మానం. నియమావళి ప్రకారం పుట రద్దు చెయ్యాలంటే కార్యదర్శి హాజరై సంతకం పెట్టాలి. ఆ నియమం కూడా నేను రాసిందే.

తీవ్రమైన కడుపునొప్పి తాళలేక సమావేశానికి రాలేకపోతున్నానని చీటీ రాసి పంపాను. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ వాక్యం రాస్తే ఎవరూ ఏమీ అడగరని నాకు ముందే తెలుసు.